ఫ్యామిలీ రెస్టారెంట్‌లో ‘ఆరేళ్ల లోపు పిల్లలకు ప్రవేశం లేదు’ అని బోర్డు పెట్టొచ్చా?

తోటపాలెం (ప్రశ్న)

విజయనగరంలో మొదటి అంతస్తులో నడుస్తున్న రెస్టారెంట్ విషయంలో సలహా కావాలి. ఏసీ హాలు 30 అడుగుల పొడవు, 20 వెడల్పు, 10 ఎత్తు. సీట్లు 44. కింద విట్రిఫైడ్ టైల్స్, రోడ్డు వైపు గోడంతా గాజు, పైన పీవోపీ సీలింగ్. మెట్లెక్కి వస్తే తిన్నగా హాల్లోకే. మధ్యాహ్నం మీల్స్, బిర్యానీ. రాత్రి సూపులు, తందూరీ, సిజ్లర్లు. మద్యం లేదు.

ఆదివారం రాత్రులు, పెళ్లి ముహూర్తాల రోజులు, పైడితల్లమ్మ సిరిమానోత్సవం వారం హాల్లో ఒకేసారి పది పన్నెండు మంది చిన్నపిల్లలు ఉంటారు. పెద్దవాళ్లు మాటల్లో పడగానే పిల్లలు కుర్చీలు దిగి టేబుళ్ల మధ్య పరుగులు. సప్లయర్ల చేతుల్లో పొగలు కక్కే ప్లేట్లు. పక్క టేబుళ్ల వాళ్లు ‘ఈ గోలేటండీ’ అని కౌంటర్ దగ్గర విసుక్కుంటారు. భాగస్వాముల్లో ఒకరు ఆరేళ్ల లోపు వాళ్లకి ప్రవేశం లేదని బోర్డు పెట్టేద్దామంటున్నారు. రెండోవారేమో పిల్లల్ని ఇంట్లో దించేసి హోటల్‌కి వచ్చే కుటుంబాలు మన ఊళ్లో ఎన్ని ఉంటాయి, రాత్రి బేరం పోతుంది అంటున్నారు.

అలా బోర్డు పెట్టడానికి చట్టం ఒప్పుకుంటుందా? బోర్డు లేకుండా నడిపి, ఏ పిల్ల మీదో సూపు ఒలికితే బాధ్యత ఎవరిది? బోర్డు లేకుండానే ఈ గొడవ తగ్గించే దారి ఏదైనా ఉంటే కొలతలతో సహా చెప్పండి. ‘పిల్లల్ని అదుపులో పెట్టుకోమనండి’ అనే మాట మాత్రం వద్దు. అది రోజూ చెబుతూనే ఉన్నాం.

వకీలు, శ్రీకాకుళం

అలాంటి బోర్డు పెట్టకూడదని నేరుగా చెప్పే చట్టం మన దేశంలో లేదండీ. రాజ్యాంగం 15(2) అధికరణం దుకాణాల్లోకి, హోటళ్లలోకి, రెస్టారెంట్లలోకి ఎవర్నైనా కేవలం మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా రానివ్వకపోవడం కుదరదంటుంది. ఆ జాబితాలో వయసు లేదు. ‘ప్రవేశ హక్కు యాజమాన్యానిదే’ అని గోడ మీద రాసుకున్నంత మాత్రాన కొత్త హక్కేమీ పుట్టదు. ఆ బోర్డు లేకపోయినా వయసు విషయంలో మీకున్న స్వేచ్ఛ అంతే, ఉన్నా అంతే. కులం విషయంలో ఆ బోర్డు ఎవర్నీ కాపాడదు.

అయితే మూడు చోట్ల కాలు జారుతుంది. ఒకటి, ముందు చెప్పకుండా ఆపడం. ఫోన్లో టేబుల్ బుక్ చేసుకుని, అడ్వాన్స్ కట్టి, రాజాం నుంచో బొబ్బిలి నుంచో కారు కట్టించుకుని వచ్చిన కుటుంబాన్ని గుమ్మం దగ్గర ‘పాపని రానివ్వం’ అంటే అది సేవా లోపం కిందికి వస్తుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద రెండేళ్ల లోపు జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేసుకోవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు కూడా ఉండదు. కాబట్టి నియమం ఏదైనా సరే, బుకింగ్ తీసుకునే నోటితోనే చెప్పాలి. ఆన్‌లైన్ పేజీలో రాయాలి. మెట్ల పైన కాదు, మెట్ల కింద పెట్టాలి. చంకలో పిల్లాడితో పద్దెనిమిది మెట్లెక్కి వచ్చాక బోర్డు చదివించడం అన్యాయం.

రెండోది, వైకల్యం. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో ఆటిజం ఉంది, సెరిబ్రల్ పాల్సీ ఉంది. వయసు నియమం అందరికీ ఒకటే అంటారు, నిజమే. కానీ చాలామంది వయసు నియమం వదిలేసి ‘అల్లరి చేస్తే పంపేస్తాం’ అనే నియమం పెడతారు. తొమ్మిదేళ్ల ఆటిజం పిల్లాడు చేతులు ఆడిస్తూ గట్టిగా శబ్దం చేస్తే, దాన్ని అల్లరి అనుకుని లేపేశారంటే ఆ చట్టం కింద జవాబు చెప్పుకోవాల్సింది మీరే. సప్లయర్ల మీద అజమాయిషీ చేసే కెప్టెన్‌కి ఈ తేడా నేర్పాలి.

మూడోది, ప్రమాదం. ‘పిల్లల బాధ్యత తల్లిదండ్రులదే, యాజమాన్యానికి సంబంధం లేదు’ అనే బోర్డు హెచ్చరికగా పనికొస్తుంది కానీ డాలుగా పనికిరాదు. లోపలికి రానిచ్చిన మనిషి పట్ల తగిన జాగ్రత్త తీసుకోవడం మీ విధి. సప్లయర్ పొరపాటు మీ పొరపాటే. చాలా చిన్న పిల్లల విషయంలో ‘నీ తప్పు కూడా ఉంది’ అనే వాదన కోర్టుల్లో సాధారణంగా నిలవదు. తల్లిదండ్రులు కనిపెట్టుకోలేదని వాదించొచ్చు, కానీ దారి ఇరుకు, నేల తడి అని తేలితే ఆ వాదన బలం తగ్గిపోతుంది. మీ ఇన్సూరెన్స్ ఏజెంటుని పబ్లిక్ లయబిలిటీ కవర్ (మీ చోట బయటివాళ్లకి జరిగే నష్టానికి బీమా) ఉందో లేదో, అందులో వేడి పదార్థాల వల్ల అయ్యే గాయం వస్తుందో లేదో రాతపూర్వకంగా అడగండి. అగ్ని ప్రమాదం పాలసీ ఉంది కదా అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. అది భవనానికి, సామానుకి. ఒంటి మీద సూపు పడ్డ పిల్లకి కాదు. ఏదైనా జరిగితే ఆ రోజే సీసీ కెమెరా ఫుటేజీ వేరేగా దాచండి. రికార్డర్ కొన్నాళ్లకి పాతది చెరిపేసుకుంటుంది.

సర్వీస్ సైడ్

తోటపాలెం గారూ, మీరిచ్చిన కొలతల్లోనే సగం జవాబు ఉంది. 600 చదరపు అడుగుల్లో 44 సీట్లంటే సీటుకి 13.6 చదరపు అడుగులు. ఇడ్లీ, దోసె తిని పది నిమిషాల్లో లేచిపోయే టిఫిన్ హోటల్‌కి అది సరిపోతుంది. సిజ్లర్లు, సూపులు ట్రేల మీద తిరిగే చోట 15 నుంచి 18 ఉండాలి. ఒక నాలుగు సీట్ల టేబులు, ఒక రెండు సీట్ల టేబులు తీసేయండి. 38 అవుతుంది, సీటుకి దాదాపు 16. కిచెన్ తలుపు నుంచి హాలు చివరి దాకా సప్లయర్ నడిచే దారి 4 అడుగులుండాలి, మిగతా సందులు కనీసం 3. ఇది ఖాళీ కుర్చీలతో కాదు, మనుషుల్ని కూర్చోబెట్టి టేపు పెట్టి కొలవండి. మనిషి కూర్చోగానే కుర్చీ అడుగు వెనక్కి వస్తుంది.

ప్రమాదం ఎక్కడ జరుగుతుందో చూడండి. సప్లయర్ చేతిలో సాంబారు బకెట్ వేలాడుతుంటే దాని అంచు నేల నుంచి రెండడుగుల పైన ఉంటుంది. మూడేళ్ల పిల్ల ఛాతీ సరిగ్గా ఆ ఎత్తే. పిల్ల టేబులు మూల తిరిగి పరుగెత్తుకొస్తే బకెట్ కనబడదు, సప్లయర్‌కి పిల్ల కనబడదు, ఎందుకంటే అతని చూపు తర్వాతి విస్తరి మీద ఉంటుంది. అందుకని ఐదేళ్ల లోపు పిల్లలున్న టేబుల్‌కి సాంబారు, రసం, పప్పు బకెట్‌తో వద్దు. మూడు వంతులు నింపిన గిన్నెలు ట్రేలో పెట్టి తెండి. మీల్స్ టైములో ఇది కాస్త పని పెంచుతుంది, అయినా పెట్టుకోవాల్సిన పనే.

సిజ్లర్ ఇనప ప్లేటు పొయ్యి దిగేటప్పటికి 200 డిగ్రీలు దాటి ఉంటుంది. కింద చెక్క ఉంది కదా అనుకుంటాం. ప్లేటు అంచు చెక్క దాటి బయటికి ఉంటుంది, పిల్ల వేళ్లు పట్టుకునేది ఆ అంచునే. ఆ ప్లేటు పిల్లకి ఎదురు మూల నుంచి, పెద్దవాళ్ల వైపు నుంచి పెట్టాలి. పిల్ల తల మీదుగా ఏ వేడి వస్తువూ దాటకూడదు. టేబులు అంచు నుంచి అడుగు లోపలికి ఉండాలి. వేలాడే టేబుల్ క్లాత్ ఉంటే ఇవాళే తీసేయండి. పాకే వయసు పిల్లలు పట్టుకు లేచేది దాన్నే, లేస్తే పైనున్న సూపు కిందికి వస్తుంది.

ఇక పరుగులు ఎందుకు పెడతారంటే, ఆకలికి, విసుగుకి. చిన్నపిల్ల కుర్చీలో బుద్ధిగా కూర్చునేది అరగంట, మహా అయితే నలభై నిమిషాలు. తందూరీ ఆర్డర్ రావడానికే 20 నిమిషాలు పడితే ఉన్న ఓపికంతా ఖాళీ ప్లేటు ముందే అయిపోతుంది. మంచినీళ్లు పెట్టేటప్పుడే ‘పిల్లలకి ముందు ఏం తెమ్మంటారు?’ అని అడగాలి, మెనూ చేతికిచ్చాక కాదు. కేఓటీ (కిచెన్‌కి వెళ్లే ఆర్డరు చీటీ) మీద ‘పిల్లలు’ అని రాసి విడిగా పంపాలి. లేకపోతే మాస్టర్ ఆ టేబుల్ ఆర్డరంతా కలిపి ఒకేసారి దించుతాడు, అదే అన్ని చోట్లా జరిగే పొరపాటు. ఐదు నిమిషాల్లో వెళ్లేవి నాలుగు పెట్టుకోండి: పచ్చిమిర్చి లేకుండా దద్దోజనం, కారం లేని జీరా రైస్ సగం ప్లేటు, వెన్న రాసిన రోటీ ముక్కలు, ఉడికించిన మొక్కజొన్న గింజలు. అన్నం ఎలాగూ వండి ఉంటుంది కాబట్టి మూడు నిమిషాల పని. దద్దోజనం తాలింపులో ఎండుమిర్చి తుంపు, మిరియాలు లేకుండా చూడమని మాస్టర్‌కి గట్టిగా చెప్పండి. ‘కారం లేదు’ అని తెచ్చిన దాంట్లో ఒక్క మిరియం పంటి కిందికి వచ్చిందా, ఆ గంటంతా ఏడుపే.

బయటి తిండి తేకూడదనే నియమం రెండేళ్ల లోపు పిల్లలకి ఎత్తేయండి. ఉగ్గు గిన్నె తెచ్చుకుంటే తెచ్చుకోనివ్వండి. పాలసీసా వేడి చేయమంటే మైక్రోవేవ్‌లో పెట్టొద్దు. సీసా పైకి గోరువెచ్చగా ఉండి లోపల ఒకచోట మరుగుతుంటుంది. వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టి ఇవ్వండి.

హై చైర్లు మూడు కొనండి. నడుం బెల్టుతో పాటు కాళ్ల మధ్య పట్టీ కూడా ఉండేవి చూడండి. అది లేకపోతే పిల్ల కిందికి జారి బెల్టు మెడకి తగులుతుంది. ఊతం లేకుండా కూర్చోగలిగే పిల్లలకే అది. సందులో పెట్టకుండా గోడ వైపు పెట్టాలి. ఆదివారం రాత్రి పిల్లలున్న కుటుంబాల్ని గోడ వరుసకి, కిచెన్ తలుపుకీ మెట్లకీ దూరంగా కూర్చోబెట్టండి. గాజు పక్కన కూర్చోవాలని వాళ్లే అడుగుతారు, రోడ్డు కనబడుతుందని. ఇవ్వండి. బళ్లు చూస్తూ పిల్లలు తింటారు.

సీలింగ్ పని

గోల గురించి చెబుతాను, మీ హాలు లెక్కతోనే. 30 బై 20 బై 10 అడుగులంటే దగ్గర దగ్గర 170 ఘనపు మీటర్లు. టైల్స్, గాజు, పీవోపీ అన్నీ నున్నటివే, శబ్దాన్ని పీల్చుకోకుండా తిప్పి కొడతాయి. 200 చదరపు మీటర్ల పైచిలుకు ఉపరితలం పీల్చేది 6 యూనిట్లకి మించదు (యూనిట్ అంటే, పడ్డ శబ్దాన్నంతా పీల్చేసే ఒక చదరపు మీటరు). హాలు నిండితే మనుషుల ఒళ్లు, బట్టలు కలిపి ఇంకో 16. మొత్తం 22. ఒక కేక తగ్గి మాయమవడానికి పట్టే కాలం ఘనపరిమాణాన్ని 0.161తో హెచ్చించి ఈ పీల్చే విలువతో భాగిస్తే వస్తుంది. మీ హాలు నిండినప్పుడు 1.2 సెకన్లు, ఖాళీగా ఉన్నప్పుడు నాలుగున్నర. ఒక పిల్ల కేక చావకముందే ఇంకో పిల్ల కేక దాని మీద పడుతుంది. పెద్దవాళ్లు దాన్ని మించి మాట్లాడాలని గొంతు పెంచుతారు. కౌంటర్ దగ్గర తిట్టు తినేది పిల్లలు. గోలలో పెద్ద వాటా మాత్రం హాలుది, పెద్దవాళ్లది.

సీలింగ్‌కి మినరల్ ఫైబర్ టైల్స్ వేస్తే, ఎన్‌ఆర్‌సీ (పడ్డ శబ్దంలో ఎంత వంతు పీల్చుకుంటుందో చెప్పే అంకె) 0.6 ఉన్నవి, ఇంకో 33 యూనిట్లు చేరతాయి. 22 కాస్తా 55 అవుతుంది, కాలం అర సెకనుకి పడిపోతుంది. మీటర్ పెట్టి చూస్తే తగ్గేది 4 డెసిబెల్స్. అంతేనా అనిపిస్తుంది. కానీ మోత తగ్గితే జనం వాళ్లంతట వాళ్లే గొంతు దించుతారు, అసలు లాభం అక్కడుంది.

పని వివరం: రెండడుగుల చదరం టైల్స్ 150, కోతలకి ఇంకో పది శాతం. ఉన్న పీవోపీ కింద టీ గ్రిడ్ (టైల్స్ కూర్చునే లోహపు చట్రం) దించి వేలాడదీయండి, నాలుగైదు అంగుళాలు ఎత్తు పోతుంది, మీకు పదడుగులుంది కాబట్టి ఇబ్బంది లేదు. టైల్ వెనక గాలి సందు ఉంటే లోతు గొంతుల మోత కూడా కాస్త తగ్గుతుంది. ఏసీ గ్రిల్స్, స్మోక్ డిటెక్టర్లు కొత్త సీలింగ్ మట్టానికి దించాలి. డిటెక్టర్‌ని పైనే వదిలేసి కప్పేసే మేస్త్రీలున్నారు, దగ్గరుండి చూడండి. మన సముద్రపు గాలికి తేమ ఎక్కువ. ప్యాకెట్ మీద తేమ ఓర్పు 90 శాతం పైన ఉన్న రకమే తీసుకోండి, లేకపోతే రెండు వానాకాలాలకి టైల్స్ మధ్యలో పొట్ట పడతాయి. మురికి పట్టిందని వాటికి రంగు వేయకూడదు. రంగు ఆ చిల్లులు మూసేస్తే అది మళ్లీ మామూలు అట్టే.

గుడ్ల అట్టలా ఉండే స్పాంజి షీట్లు చవగ్గా వస్తాయని గోడలకి అంటిస్తున్నారు. హోటల్లో అది వద్దే వద్దు. నిప్పంటుకుంటే క్షణాల్లో విషపు పొగ. పీవీసీ సీలింగ్, జిప్సం కూడా ఈ పనికి రావు, రెండూ నున్నటివే. గాజుకి బరువైన నూలు తెరలు, గాజు వెడల్పుకి రెట్టింపు గుడ్డతో కుచ్చుగా వేయండి. కుర్చీ కాళ్లకి రబ్బరు బుష్‌లు. ముందు ఆ బుష్‌లు వేసి చూడండి. టైల్ మీద కుర్చీ ఈడ్చే కీచు పోతేనే హాలు సగం స్థిమితపడినట్టుంటుంది.

పలాస నుంచి

పై వాళ్లు చెప్పినవన్నీ మంచివే, కానీ నిషేధం వైపు మాట్లాడేవాళ్లు కూడా ఒకరు ఉండాలి. సప్లయర్ల వైపు నుంచి చూడండి. పిల్లాడు తగిలి ట్రే పడితే చెయ్యి కాలేది సప్లయర్‌కి. కొన్ని చోట్ల పగిలిన సామాను ఖర్చు అతని జీతంలోంచి కోస్తారు. అతని నిర్లక్ష్యం అని తేల్చకుండా, సంజాయిషీ అడగకుండా అలా కోయడం చట్టం ఒప్పుకోదు, అయినా జరుగుతోంది. ఇరవై ఏళ్ల కుర్రాడు వెళ్లి ఒక పెద్దాయనతో ‘మీ మనవడిని కూర్చోబెట్టండి’ అంటే ఆ పెద్దాయనకి కోపం. అనకపోతే ఓనర్‌కి కోపం. వయసు నియమం ఉంటే ఆ కుర్రాడికి ఎవరితోనూ వాదన ఉండదు. అల్లరి ఎంతైతే అల్లరి అని కొలవడానికి టేపు లేదు కదా.

బయటి దేశాల్లో ఈ చర్చ ఎప్పుడో అయింది. అమెరికాలో పిట్స్‌బర్గ్ దగ్గర ఒక రెస్టారెంట్ 2011లో ఆరేళ్ల లోపు వాళ్లని ఆపింది. న్యూజెర్సీలో ఇంకొకటి 2023 మార్చి నుంచి పదేళ్ల లోపు వాళ్లని ఆపింది. అక్కడి 1964 పౌర హక్కుల చట్టంలో హోటళ్లకి సంబంధించి వయసు ప్రస్తావన లేదు. బ్రిటన్‌లో 2010 సమానత్వ చట్టం సేవల విషయంలో వయసు వివక్షని అడ్డుకుంటుంది, కానీ 18 నిండిన వాళ్లకే. దక్షిణ కొరియాలో ‘నో కిడ్స్ జోన్’లు వందల్లో ఉన్నాయి. అక్కడ వేడినీళ్లు మోస్తున్న మనిషికి పిల్లాడు తగిలి కాలితే, నష్టపరిహారం హోటల్ మీద పడ్డ కేసు తర్వాతే చాలామంది భయపడి బోర్డులు పెట్టారు.

టేబుల్ మధ్యలో బొగ్గుల కుంపటి పెట్టే బార్బెక్యూ చోట్లకి, పది సీట్ల చిన్న చోట్లకి, రూఫ్‌టాప్‌లకి వయసు నియమం న్యాయమే అంటాను. మద్యం ఉన్న చోట ఎలాగూ మన రాష్ట్రంలో 21 ఏళ్ల లోపు వాళ్లకి అమ్మకూడదు. మీది అలాంటిది కాదు కాబట్టి పూర్తి నిషేధం వద్దు, రాత్రి తొమ్మిదిన్నర తర్వాత పెద్దవాళ్లకే అని ఒక వేళ పెట్టుకోండి. నిశ్శబ్దంగా తినాలనుకునే వాళ్లకి ఆ వేళ మిగులుతుంది. వాళ్లూ డబ్బులిచ్చి తినేవాళ్లే.

వకీలు, శ్రీకాకుళం

కొరియా సంగతిలో రెండో భాగం కూడా చెప్పాలి. జెజు దీవిలో ఒక ఇటాలియన్ రెస్టారెంట్ 13 ఏళ్లు, అంతకన్నా తక్కువ వయసు వాళ్లని ఆపితే, 2017లో అక్కడి జాతీయ మానవ హక్కుల కమిషన్ అది వివక్ష అని చెప్పింది. కొందరు పిల్లల, కొందరు తల్లిదండ్రుల ప్రవర్తనని పట్టుకుని మొత్తం పిల్లలందర్నీ ఆపడం సరి కాదంది. అయితే అది సిఫారసే, బలవంతంగా అమలు చేయించే తీర్పు కాదు. అందుకే బోర్డులు ఇంకా ఉన్నాయి.

సప్లయర్ల గురించి మీరన్నది నూటికి నూరు పాళ్లు నిజం. దానికి మందు, ఆ మాట చెప్పే పని సప్లయర్‌కి పెట్టకపోవడం. మెనూ మొదటి పేజీలో రెండు వాక్యాలు అచ్చు వేయండి: ‘వేడి పదార్థాలు తిరిగే దారి. పిల్లలు కుర్చీ దిగితే దయచేసి పెద్దవారు వెంట ఉండండి.’ చెప్పాల్సి వస్తే మేనేజర్ గానీ కౌంటర్‌లో పెద్దమనిషి గానీ వెళ్లాలి. ‘అల్లరి’ అన్న మాటే రాకూడదు. ‘బాబుకి కాలుతుందని భయం అండీ’ అంటే ఎవరూ తప్పు పట్టరు. నిజమైన కారణం కూడా అదే కదా.

తొమ్మిదిన్నర నియమానికి అడ్డేమీ లేదు. కానీ తొమ్మిదింటికి ఆర్డరిచ్చిన కుటుంబాన్ని తొమ్మిదిన్నరకి లేపకూడదు. ‘తొమ్మిదిన్నర తర్వాత కొత్తగా వచ్చేవారికి’ అని రాయండి.

పిల్లల వార్డు సిస్టర్

కాలిన గాయం ఎంత వేగంగా అవుతుందో తెలిస్తే మీరు బోర్డు గురించి కాకుండా ట్రే గురించి ఆలోచిస్తారు. 60 డిగ్రీల నీళ్లు పెద్దవాళ్ల చర్మాన్ని లోతుగా కాల్చడానికి ఐదు సెకన్లు పడుతుంది. చిన్నపిల్లల చర్మం పలచన, ఒక్క సెకను చాలు. మీరిచ్చే సూపు, టీ 70, 80 డిగ్రీల్లో ఉంటాయి. అంటే అయ్యో అనేలోపే.

ఆ క్షణంలో హాల్లో ఎవరు ఏం చేయాలో ముందే అనుకుని ఉండాలి. వెంటనే కుళాయి కింద, పారే మామూలు చల్లనీళ్లలో 20 నిమిషాలు. గడియారం చూసి 20. రెండు నిమిషాలకే పిల్ల ఏడుస్తోందని తీసేస్తారు, అక్కడే గాయం లోతుకి వెళ్లిపోతుంది. మీ వాష్ బేసిన్ కుళాయి కింద రెండేళ్ల పిల్ల చెయ్యి, భుజం పడతాయా? పట్టకపోతే ఒక హ్యాండ్ షవర్ బిగించండి. ఐస్ వద్దు. టూత్‌పేస్టు, ఇంకు, పసుపు, కొబ్బరినూనె ఏదీ రాయొద్దు. హోటల్లో నలుగురూ నాలుగు చెబుతారు, ఎవరి మాటా వినొద్దు. తడిసిన బట్టలు తీసేయాలి, చర్మానికి అంటుకుంటే మాత్రం లాగకూడదు. డైపర్ తప్పకుండా తీయాలి, వేడి సూపుని అది పీల్చుకుని ఒంటికి పట్టి ఉంచుతుంది. గాజులు, మొలతాడు, కాళ్ల పట్టీలు వాపు రాకముందే తీసేయాలి. కాలిన చోట నీళ్లు పోస్తూనే మిగతా ఒంటికి పొడి తువ్వాలు చుట్టాలి, చిన్నపిల్లలు తొందరగా చల్లబడిపోతారు. తర్వాత కిచెన్‌లో వాడే పలచని ప్లాస్టిక్ రేపర్ శుభ్రమైన ముక్క పైన పరిచి 108కి పంపండి. గాయం పిల్ల అరచేతి కన్నా పెద్దదైనా, మొహం, చేతులు, మర్మాంగాల దగ్గరైనా, ఏడాది లోపు పిల్లయినా ఆసుపత్రికి వెళ్లి తీరాలి.

ఇంకో ప్రమాదం బిల్లుతో పాటు వస్తుంది. సోంపు, పటికబెల్లం గిన్నె. పిల్ల గుప్పెడు నోట్లో వేసుకుని పరుగెడుతుంది. పటికబెల్లం పలుకు, వేయించిన వేరుశెనగ, గుండ్రటి ద్రాక్ష నాలుగేళ్ల లోపు పిల్లల గొంతుకి సరిగ్గా అడ్డుపడే సైజు. ఆ గిన్నె పెద్దవాళ్ల చేతికే ఇవ్వండి. గొంతుకి అడ్డుపడి దగ్గు కూడా రాకపోతే పిల్లని ముందుకి వంచి వీపు మధ్యలో అరచేతి మడమతో ఐదు దెబ్బలు, రాకపోతే ఏడాది దాటిన పిల్లలకి పొట్ట పై భాగంలో ఐదు నొక్కులు, అలా మార్చి మార్చి. ఏడాది లోపు వాళ్లకి పొట్ట నొక్కకూడదు, ఛాతీ మీదే నొక్కాలి. మీ కెప్టెన్లిద్దరికి ఇది చేసి చూపించి నేర్పించండి. చదివితే రాదు.

నిషేధం గురించి ఒక్క మాట. బోర్డు మీద రాసేది పిల్లల పేరు, ఇంట్లో ఆగిపోయేది తల్లి. ఆరేళ్ల లోపు ఇద్దరు పిల్లలున్న మన జిల్లా ఆడమనిషికి బయట కూర్చుని, ఒకరు వడ్డిస్తే తినే రోజులు ఏడాదికి ఎన్ని ఉంటాయో లెక్క వేయండి. హాల్లో ఒక మూల తెర కట్టి, పాలివ్వడానికి చేతులున్న కుర్చీ ఒకటి వేయండి. నాలుగడుగుల చోటు చాలు. సగం ఏడుపులు అక్కడే ఆగిపోతాయి.

తోటపాలెం

అందరికీ దండాలు. వయసు బోర్డు ఆలోచన మానేస్తున్నాం. రెండు టేబుళ్లు తీస్తాం, గోడ వరుస పిల్లలున్న వాళ్లకి, బకెట్లు బంద్, పిల్లల కేఓటీ విడిగా, బుష్‌లు ఈ వారమే. సీలింగ్ సంక్రాంతి తర్వాత. తొమ్మిదిన్నర నియమం మీద ఇంకా మాట్లాడుకోవాలి, నాకు మనసొప్పట్లేదు.

మిగిలింది మెట్లు. హాల్లోంచి మెట్లకి తలుపు లేదు, తిన్నగా దిగిపోవచ్చు. గేటు పెడదామంటే ఫైర్ వాళ్లు ఒప్పుకుంటారా?

సీలింగ్ పని

గొళ్లెం, తాళం ఉండే గేటు పెట్టొద్దండీ, అది మంటలొస్తే జనం దిగే దారి. స్ప్రింగ్ కీలుతో దానంతటదే మూసుకునే గేటు, రెండున్నర అడుగుల ఎత్తు, దిగే వైపు ఒక్క తోపుతో తెరుచుకోవాలి. పెద్దవాళ్లు తొడతో తోసేస్తే చాలు, రెండేళ్ల పిల్ల బలానికి కదలనంత స్ప్రింగ్ ఉండాలి. గేటు తెరిస్తే మొదటి మెట్టు మీదకి ఊగకూడదు కాబట్టి మెట్టు అంచుకి మూడడుగులు వెనక్కి బిగించండి. తెరిచినప్పుడు దారి వెడల్పు మెట్ల వెడల్పు కన్నా తగ్గకూడదు, అంటే రెండు రెక్కలే పెట్టాలి. ఊచల మధ్య సందు నాలుగు అంగుళాల లోపు, అడ్డ ఊచలు లేకుండా, నిలువువే. అడ్డంగా ఉంటే నిచ్చెనలా ఎక్కుతారు. బిగించే ముందు ఆ కొలతల కాగితం పట్టుకెళ్లి ఫైర్ స్టేషన్లో చూపించి రండి. మెట్ల పక్క రెయిలింగ్ సందులు కూడా ఒకసారి కొలవండి, పాత భవనాల్లో ఆరంగుళాలు ఉంటున్నాయి. గేటు కన్నా ముందు అది మూయించాలి.